రిజిస్టర్‌లో లేని మనిషి

"మీ దగ్గర రిజిస్టర్‌లో పేరు లేని మనిషి ఒకరు పనిచేస్తున్నరట. వారానికి ఒక్క సెలవు కూడా లేదట. ఫిర్యాదు వచ్చింది" అంది లేబర్ ఆఫీసర్ గీతాంజలి, చంకలోని ఫైలు తీయకుండానే.

బీరయ్య కోవా కలిపే గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. కార్వాన్ బస్తీలో ఆయన పాల కార్ఖానాకు వచ్చి ఇంత మాట అన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు.

"మేడమ్, మీరు గల్లీ తప్పినట్టున్నరు. ఒక్కసారి ఆ గోడ చూడుండ్రి."

గోడ మీద సున్నం కనబడటం లేదు. అన్నీ సర్కారు ఉత్తర్వులే. పని గంటల రూలు మారితే ఆ సాయంత్రానికే బీరయ్య షిఫ్టులు మార్చేశాడు. పనివాళ్లకు నియామక పత్రాలు ఇవ్వాలని పేపర్లో చదివిన మర్నాడే, నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ పంచాడు. కొత్త చట్టమే పెళ్లికొడుకై వస్తే ఎదురుకోళ్లకు అందరికన్నా ముందు నిలబడేది ఆయనే. చుట్టుపక్కల దుకాణాల వాళ్లు రూలు మారిందంటే లాయరు దగ్గరికి పోరు, బీరయ్య దగ్గరికే వస్తారు.

"ఏడుగురున్నరు నా దగ్గర. ఒక్కొక్కళ్లకు ఒక్కో దినం సెలవు. నిన్న పెంటయ్యది, ఇయ్యాల వైకుంఠంది, రేపు స్వీటీది. సంతకాలతోని ఉన్నయ్" అంటూ రిజిస్టర్ ముందుకు తోశాడు.

గీతాంజలి పేజీలు తిప్పింది. తప్పు పట్టడానికి ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. పాల క్యాన్లు కడుగుతున్న పెంటయ్యను పిలిచింది.

"మీకు సెలవులు సరిగ్గా ఇస్తున్నరా?"

"మస్తు ఇస్తున్నరు మేడమ్. సెలవు దినం ఊకె ఇటు దిక్కు వచ్చినా అన్న గేటుకాన్నుంచే వాపస్ తోలుతడు."

"మీరు ఏడుగురేనా? ఇంకెవరన్నా ఉన్నరా?"

పెంటయ్య ఒకసారి బీరయ్య వైపు చూసి తల వంచుకున్నాడు. "రిజిస్టర్‌ల ఉన్నోళ్లమైతే ఏడుగురమే మేడమ్."

ఆ జవాబు బీరయ్యకు నచ్చలేదు. "సీదా చెప్పరాదుర, ఎందుకు నసుగుతవ్" అని కసిరి, పొయ్యి మీద పాలు పొంగబోతుంటే పోయి మంట తగ్గించి వచ్చాడు. వస్తూ వస్తూ పనీర్ మూటల మీద బరువులు సర్దాడు. ఆఫీసర్‌ను వెనక గదికి తీసుకెళ్లాడు, మిద్దె మీదికి తీసుకెళ్లాడు. చివరికి గడ్డి వేసిన రేకుల షెడ్డు తలుపు కూడా తీశాడు. అక్కడ ఒక బర్రె తప్ప మరో ప్రాణి లేదు.

"అయిపాయె గద మేడమ్. ఎవడో నా మీద కండ్లల్ల నిప్పులు పోసుకున్నోడు రాసిండు."

గీతాంజలి అప్పుడు ఫైలు తెరిచి చదివింది. "'జ్వరమొచ్చినా గోలి వేసుకొని పొయ్యి ముంగటనే ఉంటడు. బువ్వ నిలబడే తింటడు. ఇంట్ల పిల్లలు లేవకముందు వస్తడు, పండుకున్నంక పోతడు. మూడేండ్ల సంది ఒక్క దినం సెలవు లేదు.' పేరు లేని మనిషి ఉన్నడని తేలితే కేసు రాయాల్సిందే. మీ రిజిస్ట్రేషన్ మీదికి వస్తది."

బీరయ్యకు మొదటిసారి భయమేసింది. తండ్రి రెండు బర్రెలతో మొదలుపెట్టిన కార్ఖానా. ఇన్నేళ్లు కాపాడుకున్న పేరు ఒక్క కాయితంతో మట్టిలో కలిసేట్టుంది. భయం కన్నా ఆ ముఖం తెలియని మనిషి మీద జాలి ఎక్కువైంది ఆయనకు.

"గింత అన్యాలమా, నా కార్ఖానల? గొడ్డుకైనా ఒక పూట పని ఇడుపుంటది. మేడమ్, రాసుకోండ్రి. ఆ మనిషి ఎవలైనా సరే, ఈ ఆయితారం నుంచి వారం వారం సెలవు. సెలవు దినం ఆయన ఈ గడప తొక్కితే మీరు తాళం ఏస్కొని పోండ్రి."

"నోటిమాట కాదు. రాసివ్వాలె."

"రాసిస్త. నాకేం ఫికర్?"

తెల్ల కాయితం మీద అన్న మాటలన్నీ అలాగే రాసి సంతకం చేశాడు. ముద్ర కోసం తల తిప్పేసరికి, కౌంటర్ దగ్గర కూర్చునే భార్య అమల అప్పటికే ఇంకు ప్యాడు మూత తీసి పక్కన నిలబడి ఉంది. బీరయ్య ముద్ర గట్టిగా గుద్దాడు.

గీతాంజలి కాయితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఈ మనిషికి సెలవు ఇయ్యాలని ఏ చట్టంల లేదు బీరయ్య గారూ. అందుకే మీ సంతకమే తీసుకోవాల్సి వచ్చింది."

"చట్టంల లేని పనోడు ఎవడు మేడమ్?"

ఆమె ఫిర్యాదు కాయితం ఆయన చేతిలో పెట్టింది. కౌంటర్ పలక మీద 'తాజా పెరుగు' అని రోజూ కనబడే గుండ్రటి అక్షరాలే అందులోనూ ఉన్నాయి. బీరయ్య చూపు గబగబా కిందికి జారి ఆఖరి వరుస దగ్గర ఆగింది.

"ఆ మనిషి పేరు బీరయ్య. నాకు పెనిమిటి."