హెలికాప్టర్లో ఒక్క చోటు

పాంచాలి ఆండిపట్టిలో రాత్రి బస్సెక్కి కోయంబత్తూరు చేరేసరికి కంపెనీ ఆఫీసు ఇంకా తుడుస్తున్నారు. పరదేశాల్లో శాంతిసేన శిబిరాలకు కాపలా పెట్టే కంపెనీ అది. శాంతిని వేలంలో పాడుకున్నవాళ్ళు.

ఆమె భర్త చెల్లప్పకూ వీరన్‌కూ ఆఫ్రికాలో ఒక శిబిరం గేటు దగ్గర పని. లోపలికొచ్చే బండ్లలో బాంబులున్నాయేమో చూడాలి. నిజానికి కంపెనీకి కావలసింది వీరన్. చెల్లప్ప పక్కన లేనిదే వీరన్‌తో పని జరగదని తెలిసి, ఒక ఏజెంటు ద్వారా అతన్నీ తీసుకుపోయారు.

నాలుగు రోజుల కింద శిబిరం మీద దాడి జరిగింది. చెల్లప్ప ఫోను అప్పట్నుంచీ మోగడం లేదు.

మేనేజరు గోకుల్‌నాథ్ పదకొండుకు వచ్చాడు. పాంచాలి ఇంట్లోలాగే అతనింట్లోనూ తెలుగే. అయినా కూర్చోమనలేదు.

"మా ఇంటాయన యాడుండాడు తంబీ?"

"వీరన్ సేఫ్ అక్కా. డాక్టరు చూసినాడు. ఏసీ రూములో పెట్టినాము."

"నేనడిగింది మా ఇంటాయన్ని."

"హెలికాప్టర్లో ఒక్క చోటే మిగిలి ఉండె. వీరన్‌కి ఇన్సూరెన్స్ ఉండాది, మా లిస్టులో ఉండాడు. మీ ఆయన ఏజెంటు మనిషి. రూల్ కదా, ఏమి చేసేది?"

"ఆయన పేరన్నా తెలుసునా మీకు?"

గోకుల్‌నాథ్ కంప్యూటర్లో వెతికాడు. చాలాసేపే వెతికాడు.

"గేట్ హెల్పర్ అని ఉండాదక్కా."

"ఇంకొక హెలికాప్టర్ ఎప్పుడు పోతాది?"

"పోదక్కా. మా కాంట్రాక్టు ముగిసిపాయె."

పాంచాలి కొంగు బిగించింది. "ఆయన్ని విడిచి వీరన్ ఎక్కనే ఎక్కడు. నా చేతి కూడు తిని పెరిగినాడు వాడు."

"ఎక్కలేదు. నలుగురు పట్టుకొని, మత్తుసూది వేసి ఎక్కించినారు." గోకుల్‌నాథ్ నవ్వాడు. "దిగినప్పట్నుంచీ తిండే ముట్టడం లేదంట. మాకదే తలనొప్పి."

"ఇంత పెద్ద కంపెనీలో మనసు ఉండేది వాడొక్కడికే."

ఆ మాట అతనికి తగల్లేదు. ఆమెను త్వరగా పంపించాలి. ఫోన్ తీసి బల్ల మీద ఆమె వైపు తోశాడు.

"చూడక్కా, మీరు పెంచినవాణ్ణి ఎంత భద్రంగా తెచ్చినామో."

ఫొటోలో, సీటు బెల్టు కింద, కంపెనీ నీలం కోటు తొడుక్కొని, చెల్లప్ప తువ్వాలును పళ్ళ మధ్య వదలకుండా మత్తులో పడి ఉంది, ఆమె వాకిట్లో పుట్టిన కోంబై జాతి కుక్క.