హారిక గీసుకున్న బొమ్మ

కాలవకి నీళ్లు వదిలిన వారమే, ఎవరి బొమ్మ వాళ్లు గీసుకురమ్మని స్కూల్లో డ్రాయింగు మేడంగారు చెప్పారు. మా పెద్దమ్మాయి హారిక కాలవలో ఈదుతున్నట్టు గీసుకుంది.

"ఆడపిల్లవి, నీకు ఈతేంటే? నలుగురూ చూస్తే ఏమంటారు?" అన్నాను.

"మగపిల్లలంతా ఈదుతారు కదమ్మా! నాకూ నేర్పించవా?"

ఆ కాగితం చింపేసి, ముగ్గేస్తున్నట్టు ఇంకోటి గీయించాను. దానికి ఫస్టు ప్రైజొచ్చింది.

ప్రైజు తీసుకుని వస్తుంటే స్కూలు ఆటో కాలవలో పడింది. మగపిల్లలు ఈదుకుంటూ ఒడ్డెక్కారు. నా బిడ్డ ఎక్కలేదు.

ఇవాళ చిన్నదాని నడుముకి, నీళ్లలో తేలేలా రెండు ఎండు కొబ్బరికాయలు కట్టి, నేనే కాలవ రేవులోకి దింపాను. నాకూ ఈత రాదు.

"భయమేస్తోందమ్మా!" అని అది నా మెడ వాటేసుకుంది.

ఒడ్డున ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటున్నారు. నేను దాని చేతులు విడిపించాను.