అయిదో గట్టు పిల్ల

“మీ దిక్కు లడాయి నడుస్తుంది. అటోళ్లను పరుగుపందెంల తీసుకోవద్దన్నది ఆటల కమిటీ. పో బిడ్డా,” అన్నాడు ఆటల సారు బొజ్జయ్య. అటు నుంచి వచ్చిన పిల్లలందరికీ పొద్దుటి నుంచీ ఇదే మాట చెప్పీ చెప్పీ ఆయన నోరు ఎండిపోయింది.

“లడాయి మేం పెట్టలె సారూ,” అంది ఉంగి. ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటొచ్చి ఊరి చివర గుడిసె వేసుకున్నవాళ్ల పిల్ల.

కోయవాళ్లు ఎదురుపడితే ముందు గట్టు, అంటే వంశం, అడుగుతారు. అలవాటు చొప్పున బొజ్జయ్య కూడా అడిగాడు.

“అయిదో గట్టు.”

ఆయనదీ అదే. ఒకే గట్టంటే ఒకింటి వాళ్లే. అయినా ఆయన పేరు రాసుకోలేదు.

సాయంత్రం బహుమతి గిన్నెలు పంచాక అందరూ వెళ్లిపోయారు. ఉంగి మాత్రం పందెం మొదలయ్యే సున్నపు గీత దగ్గరే నిలబడి ఉంది.

“ఇంకేంది? గిన్నెలన్నీ అయిపోయినయ్,” అని విసుక్కున్నాడు.

“గిన్నెలకు రాలే చిన్నాయనా. ఎనక ఎవ్వరూ తరమకుండ ఒక్కపారి ఉరుకుదామని వచ్చిన.”

బొజ్జయ్య విజిల్ ఊదాడు.

ఖాళీ మైదానంలో ఉంగి ఉరికింది. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉరికింది.