చెంబులోకి దిగిన గంగ

“చెయ్యి పట్టరా. కళ్లు మూసుకో. ఆ మొహమేటి?”

అచ్చియ్యమ్మ రాగిచెంబులోంచి ఉద్ధరిణితో తీర్థం తీసి కొడుకు అరచేతిలో పోసింది. బంగార్రాజు కళ్లు మూసుకున్నాడు. ఏళ్ల తరబడి మోస్తున్న సందేహం మాత్రం రోజూలాగే కళ్లు తెరిచింది. ఇది నిజంగా గంగేనా?

దేవుడి గది కప్పు నుంచి ఒక్కో చుక్కా జారి ఆ చెంబులో పడుతుంది. గంగమ్మే ఇంటికి దిగి వచ్చిందంటుంది అచ్చియ్యమ్మ. కలలో కనిపించి, చెంబు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పిందట. దీపం పెట్టందే కాఫీ ముట్టని బంగార్రాజు తల్లి మాట ఎలా కాదంటాడు? కాకపోతే ఆ గదికి పైన, మేడ మీద, బాత్రూం ఉంది. అందులో స్నానం చేసేది అతనొక్కడే. అతను స్నానం చేసి దిగేసరికి గంగమ్మ మంచి ఉత్సాహంగా ఉంటుంది. అతను పెళ్లికో పేరంటానికో ఊరెళితే ఆవిడా సెలవు పెడుతుంది.

ఒకసారి పక్కింటి అప్పలనరసమ్మ గ్లాసు పట్టుకొచ్చింది.

“పిన్నీ, కాసింత తీర్థం ఇయ్యవా?”

“నేదే అమ్మా. ఇది ఇంటి యజమానికే. కల్లో అలాగే సెప్పినాది.”

దేవుళ్ల అభిషేకానికి కూడా అచ్చియ్యమ్మ బావినీళ్లే వాడేది. గంగ మొత్తం కొడుక్కే.

“మీరంటే అత్తకి ఎంత ప్రేమో!” అనేది భార్య చిన్నతల్లి, మొహం అటు తిప్పుకుని.

ఇంట్లో ఏది పాడైనా బంగార్రాజు దగ్గర ఒకటే మాట ఉండేది. “గోవాడ మిల్లుకి చెరుకు తోలడం అయిపోనీ, సూద్దాం.” ఏటా చెరుకు వెళ్లిపోయేది. ఒరిగిన గేటు ఒరిగినట్టే ఉండేది.

అలాంటి మనిషిలోనూ ఒక పొద్దున కదలిక వచ్చింది. ఆ రోజు తీర్థం గంధం వాసన వేసింది.

“సూసేవా! గంగమ్మ గంధం పూసుకుని వచ్చింది” అంది తల్లి మురిసిపోతూ.

పొద్దున తాను విప్పిన కొత్త సబ్బు బంగార్రాజుకి గుర్తొచ్చింది. గుటక మధ్యలో ఆగిపోయింది.

సందేహం తీరింది గానీ భయం పట్టుకుంది. ఇన్నేళ్లు నమ్మిన పెద్ద ప్రాణం. ‘అమ్మా, అది నా స్నానపు నీళ్లే’ అంటే తట్టుకోగలదా? అందుకని నోరు మూసుకుని, తల్లి మాడుగులలో కూతురింటికి వెళ్లేదాకా ఆగాడు. ఆమె బస్సెక్కగానే టైల్స్ మేస్త్రి శివాజీకి ఫోన్ చేశాడు.

శివాజీ పాత టైల్స్ పగలగొట్టి, నీళ్లు పోయే గొట్టం చుట్టూ తడిమాడు. వేలు లోపలికి దిగిపోయింది.

“గొట్టానికీ సిమెంటుకీ మధ్యన సందుంది బాబూ. నేలకి నీరు జారే వాటం కూడా నేదు. నిలబడిపోయిన నీరు ఊరుకుంటాదా? దారెతుక్కుంటాది.”

దారి చివర ఏముందో చూద్దామని కిందికి వచ్చాడు. చెంబు చూశాడు. కప్పు చూశాడు. మళ్లీ చెంబు చూశాడు.

“చెంబుకి బొట్టెట్టేరేటి బాబూ?”

“తీర్థం.”

“ఎవులు తాగుతారు?”

బంగార్రాజు మూతి తుడుచుకున్నాడు. శివాజీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. కాసేపటికి గానీ తగ్గలేదు.

“చెంబు మాత్రం సరిగ్గా గొట్టం కిందే ఎట్టేరు.”

“గంగమ్మ మా అమ్మ కల్లోకొచ్చి ఆ చోటే సెప్పిందంట.”

“కొలతలు తెలిసిన తల్లి బాబూ!”

సందు పూడ్చి, నేలకి వాటం తీసి, వాటర్‌ప్రూఫింగ్ మందు గోడల మీదికి కూడా ఎక్కించి అడ్డంగా ఒకసారి, అది ఆరాక నిలువుగా ఒకసారి పూశాడు శివాజీ. అదీ ఆరాక గొట్టం మూతికి గుడ్డ కుక్కి బాత్రూం నిండా నీళ్లు కట్టాడు.

“రేపటి దాకా టైల్స్ ముట్టను. కింద ఒక్క చుక్క పడినా మళ్లీ మొదట్నుంచీ సేస్తాను.”

బంగార్రాజు దేవుడి గదిలో చాప వేసుకుని కూర్చున్నాడు. ఇంతవరకూ ఏ భక్తుడూ కోరని కోరిక శివుడి పటం ముందు పెట్టాడు.

“తండ్రీ, గంగ నీ నెత్తి మీదుంది. అక్కడే ఉంచు. కిందికి వదలకు.”

శివుడు విన్నాడు. మర్నాటికి చెంబు ఎండి ఉంది.

టైల్స్ పరిచి, సందుల్లో గ్రౌట్ నింపి శివాజీ వెళ్లిపోయాడు. తల్లి వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ బంగార్రాజుకి అన్నం సహించలేదు. చెంబులో తనే కాసిని నీళ్లు పోసేద్దామా అనుకున్నాడు. గ్లాసు ఎత్తాడు కూడా. దేవుళ్లందరూ తననే చూస్తున్నట్టు తోచి దించేశాడు.

అచ్చియ్యమ్మ వస్తూనే కాళ్లు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్లింది. చెంబు వంచి చూసింది. తలెత్తి కప్పు కేసి చూసింది. అలా చాలాసేపు చూసింది.

“అమ్మా... గంగమ్మ...” బంగార్రాజు నసిగాడు.

“ఎల్లిపోనాదా?”

“ఎల్లిపోనాదమ్మా.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది.

“ఒసే చిన్నతల్లీ, ఓ కొబ్బరికాయ అందుకో. ఒరే, బండి తియ్యి. ఇనాయకుడి గుడికి పోదాం.”

గంగను మళ్లీ పంపమని దేవుణ్ణి వేడుకుంటుంది కాబోలు అనుకున్నాడు బంగార్రాజు. ఈ ముసలామె దేవుడి ముందు ఏడిస్తే నిజం చెప్పేసి కాళ్ల మీద పడిపోవాలని నిశ్చయించుకున్నాడు.

గుడిలో పూజారి కొబ్బరికాయ అందుకున్నాడు.

“ఏం కోరుకుంటున్నారమ్మా?”

“కోరడానికి రానేదు బాబూ. ఏళ్లనాటి మొక్కు, బాకీ ఉండిపోనాది.”

“ఏమని మొక్కుకున్నారు?”

“మావోడు మేడ మీద బాత్రూం బాగు సేయించాలని.”