రెండో ఆటగాడు

"చక్రం తిప్పండి మహానుభావా! తలుపు పడిపోతోంది!"

ఆమె టైప్ చేసేలోపే తెరమీద ఇనుప తలుపు ధడేల్మని పడింది. ఆమె బొమ్మ మళ్లీ చెరలోనే ఉండిపోయింది.

"అయ్యో. ఇంకోసారి తిప్పుతానమ్మా."

జవాబు ఒక్కొక్క అక్షరంగా వచ్చింది.

అవతల ఆడేది ఎవరో ఆమెకు తెలియదు. ఆటలో అతని పేరు తాబేలు. పేరుకు తగ్గ మనిషే అనుకుంది.

ఆమె ఉద్యోగం ఆటలాడటం. వినేవాళ్లు అదృష్టవంతురాలివే అంటారు. చేతుల్లో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్‌లో ఏ ఆట ఎలా నడుస్తుందో ఆడి చూసి, దానికో రంగు పెట్టాలి. చక్కగా నడిస్తే పచ్చ. తడబడితే పసుపు. నడవకపోతే ఎరుపు. ఎరుపు పడిన ఆటను మెషీన్‌లోంచి తీసేస్తారు.

ఆడే గదికి కిటికీ లేదు. గోడలనిండా స్పాంజి. గట్టిగా దగ్గినా ఆ దగ్గు తనకే సరిగా వినపడదు. ఫోను బయట లాకర్లో ఉంటుంది. కొత్త ఆటల గుట్టు బయటికి పొక్కకూడదని తలుపుకు అవతలివైపు తాళం. మంచినీళ్లకు వెళ్లాలన్నా గంట నొక్కి సూపర్‌వైజర్ కోసం కాచుకోవాలి.

మొన్న ఇంట్లో చంటిది మొదటిసారి నిలబడింది. ఆ ముచ్చట చెబుదామని అత్తయ్య ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. ఫోను లాకర్లో మోగి మోగి ఊరుకుంది.

ఇప్పుడు పై అంతస్తులో ఒక కుర్చీ ఖాళీ అయింది. అక్కడ కిటికీ ఉంది. ఫోను దగ్గరే పెట్టుకోనిస్తారు.

"సాయంత్రానికి నీ చేతిలో ఏ ఆటా మిగలకూడదు. మిగిలిందా, ఆ కుర్చీ ఇంకొకరిది," అన్నాడు సూపర్‌వైజర్.

మిగిలింది ఈ ఒక్కటే. ఇద్దరు ఖైదీల ఆట. ఒకరు చక్రం తిప్పి పట్టుకుంటేనే రెండోవాళ్లు బయటపడతారు.

"మీ మెషీన్ ఏ కాలం నాటిదండీ? మీరు మీట నొక్కాక ఎప్పటికో తిరుగుతోంది చక్రం!"

"కాస్త ఓపిక పట్టమ్మా."

"అది ఎప్పుడో అయిపోయింది. మీకేం, కాళ్లు చాపుకుని ఇంట్లో ఆడుతున్నారు. నేను నిజంగానే జైల్లో ఉన్నాను."

తాబేలు అక్షరాలు మళ్లీ ఒక్కొక్కటే వచ్చాయి.

"ఏ రంగు పెడతావు?"

"న్యాయంగా అయితే పసుపే. ఆట బంగారం, ఆలస్యమే దాని జబ్బు."

"పసుపు పెడితే వారమాగి మళ్లీ ఆడి చూడాలి. అందాకా నీ నెత్తినే ఉంటుంది."

"అదే కదండీ నా ఏడుపు!"

"పచ్చ పెడితే రేపే దొరికిపోతావు. ఎరుపు పెట్టెయ్."

"నడిచే ఆటను నడవదని ఎలా రాయను?"

"ఇంట్లో పిల్లలున్నారా తల్లీ?"

"ఒక్కతే. నిలబడుతోందట. నేనింకా చూడలేదు."

"ఇంకేం ఆలోచిస్తావ్? పెట్టెయ్. ఉండు, ముందు నిన్ను బయటికి పంపనీ."

చక్రం మెల్లగా కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. తలుపు వణుకుతూ పైకి లేచింది. ఈసారి పడలేదు. ఆమె బొమ్మ వెలుతురులోకి నడిచింది.

మీట నొక్కాక ఆలస్యం, ఆడటానికి పనికిరాదు అని రాసి, ఆమె ఎరుపు పెట్టింది. ఒక్క ఆట పోతే ఎవరి కొంప మునుగుతుంది?

గంట నొక్కింది.

మర్నాడు పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంది. ఫోనులో చంటిది మంచంకోడు పట్టుకుని నిలబడి, బోసినవ్వు నవ్వి, చతికిలబడింది. ఆమె పకపకా నవ్వింది.

సూపర్‌వైజర్ వచ్చాడు.

"కుర్చీ బాగుందా? నువ్వు ఎరుపు పెట్టిన ఆటను పొద్దున్నే తీసేశారు. తాబేలుకి కూడా ఇక రావద్దని చెప్పేశాం."

"తాబేలు మీకు తెలుసా? పనీపాటా లేని ఎవరో అనుకున్నాను!"

"అదే ఆయన పని. ఆ ఆటకు రెండో మనిషి కావాలని మనమే పెట్టుకున్నాం."

"మన మనిషేనా? మరి ఆయనకో మంచి మెషీన్ ఇవ్వకపోయారా? ఆలస్యమంతా అటువైపు నుంచే."

"మెషీన్ కొత్తదేనమ్మా, బొటనవేళ్లే బిగుసుకుపోయాయి," అన్నాడు సూపర్‌వైజర్. "నీకంటే ముందు ఆ స్పాంజి గదిలో ఏళ్ల తరబడి మీటలు నొక్కింది ఆయనే."