ఖాళీ ఇన్‌హేలర్

"పది రోజుల్లో ఇన్‌హేలర్ మొత్తం ఖాళీ చేసేశారా?" డాక్టరు గొంతు పెరిగింది. "ఆరేళ్ళుగా మీ ఉబ్బసానికి నేనేగా మందిస్తున్నాను. ఎప్పుడన్నా ఇలా వాడమన్నానా?"

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే టైలరమ్మ జవాబు చెప్పబోయి దగ్గింది. ఛాతీలో పిల్లికూతలు బయటికే వినబడుతున్నాయి. ఒళ్ళో పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"రోజుకి ఇరవైసార్లు పీలుస్తోంది సార్," అంది పక్కనున్న కూతురు. "వద్దంటే వినదు. సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతోంది."

"ఎలా ఎక్కుతుంది? మోతాదు మించితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇదేమన్నా సెంటా, తోచినప్పుడల్లా కొట్టుకోవడానికి?"

"కొట్టుకోకపోతే ఊపిరాడట్లేదు బాబూ," అంది టైలరమ్మ. "ఇదివరకు రెండుసార్లు పీలిస్తే తేలికపడేది. నెల నుంచి ఎంత పీల్చినా అంతంతమాత్రమే."

డాక్టరు కోపం తగ్గింది. పీల్చి చూపించమన్నాడు. పద్ధతిలో తప్పేమీ లేదు.

"ఈ నెలలో కొత్త మందులేమన్నా మొదలుపెట్టారా?"

"మందులేం లేవు. కంట్లో ఒత్తిడుందని ఫ్యాక్టరీ కంటి డాక్టరుగారు చుక్కలిచ్చారు. అవే."

కూతురు సంచిలోంచి సీసా, కంటి డాక్టరు రాసిన చీటీ తీసిచ్చింది. లేబుల్ చదవగానే డాక్టరు ముఖం పాలిపోయింది.

"ఇవి ఉబ్బసం ఉన్నవాళ్ళకి వెయ్యకూడదమ్మా. కంట్లో వేసినా ఒంట్లోకి చేరి ఊపిరిగొట్టాల్ని బిగించేస్తాయి. ఇన్‌హేలర్‌ని కూడా సరిగ్గా పనిచెయ్యనివ్వవు. ప్రాణం మీదికొచ్చేది."

కూతురు తల్లి భుజం గట్టిగా పట్టుకుంది. డాక్టరు పిలవగానే నర్సు పరుగున వచ్చి టైలరమ్మకు ఆక్సిజన్ మాస్కు తగిలించింది.

 డాక్టరు చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి, కూతురికీ వినబడాలని స్పీకర్ పెట్టాడు. తన పేరు, టైలరమ్మ పేరు చెప్పాడు.

"ఉబ్బసం ఉన్న మనిషికి ఈ చుక్కలెలా రాశారండీ? ఒక్కమాట అడగొద్దూ?"

"అడిగానండీ," అన్నాడు కంటి డాక్టరు. "లేదన్నారు. మాట్లాడుతుంటే రొప్పుతున్నారని అనుమానం వచ్చి, కిందటేడు ఉద్యోగంలో చేరినప్పటి ఫైలు కూడా తెప్పించాను. ఈమెకు ఉబ్బసం ఎప్పుడూ లేదని అందులో మెడికల్ సర్టిఫికెట్ ఉంది. సంతకం మీదే."