కందిరీగకు పేరొచ్చింది

వాన తెరిపివ్వని అడవిలో ఆవగింజంత కందిరీగ ఒకటి ఉండేది. గొంగళిపురుగుల ఒంట్లో గుడ్లు పెట్టడం దాని వంశాచారం. ఒకనాడు మనుషులొచ్చి దాని అక్కను పట్టుకెళ్లి, సూదికి గుచ్చి, కొత్త జాతి దొరికిందని చాటి పేరు పెట్టారు.

ఆ కబురు విని కొమ్ముపురుగు మామ వచ్చాడు, పరామర్శకు కాదు, అభినందించడానికి.

"మా తాత ఎప్పటినుంచో అద్దాలపెట్టెలో సూదిమీదే ఉన్నాడు. పేరున్న వంశం మాది. ఇన్నాళ్లకు మీకూ ఆ భాగ్యం దక్కింది తల్లీ. నిన్నటిదాకా నువ్వెవరో ఎవరికి తెలుసు?"

కందిరీగ ఎగిరి పక్కకొమ్మ మీద వాలింది. అక్కడ ఆకులు మేస్తున్న గొంగళిపురుగులన్నీ నమలడం ఆపి, నోటి దారాలు పట్టుకుని గబగబా కిందికి జారిపోయాయి.

"నేనెవరో వీళ్లకు ఏ మనిషి చెప్పాడు మామా?" అంది కందిరీగ.